కూర్చోవచ్చు అన్న మాట

కుర్చీల షెడ్డు,
జూన్ మొదట్లో

ఒరేయ్ బామ్మర్దీ,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరూ పోలేదు. ఫోన్ చేస్తే మీ అక్క పక్క గదిలోంచి అంతా వింటుంది. పైగా ఫోన్లో నువ్వు నవ్వుతావు, నాకు ఒళ్లు మండుతుంది. కాగితం మీద ఎంత నవ్వుకున్నా నాకు వినబడదు. నా రాత సంగతి నీకు తెలిసిందే. చెక్క మీద కొలతలు వేసుకోవడం తప్ప ఇంత రాసింది ఎన్నడూ లేదు. కూడబలుక్కుని చదువుకో.

మీ అక్క స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నప్పుడు ఆస్పత్రికి వచ్చి చూసి వెళ్లావు. తర్వాత కథ చెబుతాను. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ ఒకటే మాట చెప్పింది. రోజూ కాసేపు కుర్చీలో కూర్చోవాలి, మంచానికే అంటుకుపోతే తుంటి బిగుసుకుపోతుంది, ఆ తర్వాత మంచమే గతి అంది. "మంచి కుర్చీ ఒకటి కొనండి" అని నాకే చెప్పింది. నాకు! కుర్చీల మేస్త్రీకి!

ఇంటికి రాగానే పని మొదలుపెట్టాను. మంచి టేకు. మామూలు కన్నా కాస్త ఎత్తు. పట్టుకుని లేవడానికి గట్టి చేతులు. పాలిష్ నేనే పెట్టాను. అందులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. తెచ్చి మంచం పక్కన వేశాను.

"ఎలా ఉందే?" అన్నాను.

"బాగుందండీ" అంది. కూర్చుంది. నేను అటు తిరిగానో లేదో మళ్లీ మంచం అంచుకి చేరింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. ఇప్పుడు దాని మీద దుప్పట్లు మడతపెట్టి పెడుతోంది. నా కుర్చీ మీద దుప్పట్లు! ఏమే, బాగా లేదా అంటే, "అయ్యో, మీరు చేసింది బాగా లేకపోవడమేమిటండీ" అంటుంది. మరి కూర్చోదేం?

నువ్వు షెడ్డు వదిలి వెళ్లిపోయాక ఒక మనిషిని పెట్టుకున్నాను. పెళ్లాం పిల్లలున్నవాడు, పనిమంతుడే. ఏం చెప్పినా "సరేనండి" అంటాడు. చివరికి వాడి పేరే సరేనండి అయిపోయింది. వాణ్ణి ఆ కుర్చీలో కూర్చోమన్నాను. "బ్రహ్మాండం మేస్త్రీగారూ" అన్నాడు. ఇంకా కూర్చోలేదు, వంగుతూనే అన్నాడు.

మన షెడ్డు పద్ధతి నువ్వు మరిచిపోయి ఉండవు. కుర్చీ తయారయ్యాక సాయంత్రం ముందు నువ్వు కూర్చునేవాడివి. నేను "ఏరా?" అనేవాణ్ణి. నువ్వు "కూర్చోవచ్చు బావగారూ" అనేవాడివి. ఆ మాట పడ్డాకే కుర్చీ బండెక్కేది. అన్నేళ్లలో నువ్వు ఒక్కదాన్ని కూడా కాదనలేదు. అదీ నా చెయ్యంటే.

ఒకసారి వచ్చి ఇందులో కూర్చుని, ఆ మాట మీ అక్క ముందు అను. నువ్వంటే నమ్ముతుంది. వచ్చే ఆదివారం రా. అడగడం లేదు, చెబుతున్నాను.

మీ బావ


మార్కెట్టు వెనక కొట్టు,
జూన్ చివర

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. ఉత్తరం అందింది. అక్క సంగతి చదివి మనసు పాడైంది. ఆదివారం రాలేకపోయాను, కోపగించుకోకండి. ఇక్కడ కొట్టు కొత్త. ఒక బడివాళ్ల బల్లలన్నీ రిపేరుకి వచ్చి పడ్డాయి, కొట్టు నిండి వీధిలోకి వచ్చేశాయి. ఉన్న మనిషి ఒక్కడే. వదిలి కదలడానికి లేదు.

కుర్చీ గురించి మీరు బెంగ పెట్టుకోవాల్సిన పనే లేదు. మీ చెయ్యి పడ్డ చెక్కకి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదు. అక్కకి నొప్పుల వల్ల ఏదీ నచ్చడం లేదేమో. నాలుగు రోజులు పోతే తనే సర్దుకుంటుంది. కావాలంటే మెత్తటి దిండు ఒకటి వేసి చూడండి.

అక్కని అడిగానని చెప్పండి.

మీ బామ్మర్ది


కుర్చీల షెడ్డు,
జూలై

ఒరేయ్,

నేను కుర్చీ గురించి అడిగితే నువ్వు పంచదార పొట్లం కట్టి పంపావు. పూజ్యులట. నా చెయ్యట. దిండట! నా కుర్చీ మీద దిండు వేయమని నాకు చెప్పడానికి నీకు నోరెలా వచ్చిందిరా?

మీ అక్క ఇప్పుడు మంచం దిగడమే తగ్గించేసింది. మొన్న వచ్చిన నర్సు కాలు వంచి చూసి పెదవి విరిచింది. కుర్చీ వాడుతున్నారా అంది. మీ అక్క "వాడుతున్నానమ్మా, చాలా బాగుంది" అంది. కుర్చీ మీద దుప్పట్లు ఇంతెత్తున ఉన్నాయి. నర్సు వాటిని చూసింది, నన్ను చూసింది. తల కొట్టేసినట్టయింది.

సరే అని వీధిలో వాళ్లందర్నీ పిలిచి కూర్చోబెట్టాను. టైలరు కూర్చుని బాగుందన్నాడు. వాడి కొట్టులో బల్ల నేను చేసిందే, ఇంకో బల్ల కావాలి కూడా. మందుల కొట్టాయన బాగుందన్నాడు. మా అల్లుడు వచ్చి, కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, "మామయ్యా, మీరు కళాకారులు" అన్నాడు. వాడికి ఏదో కావాలి, ఏమిటో ఇంకా బయటపడలేదు.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. షెడ్డులో పాత కుర్చీ ఒకటి తీసి ఒక కాలు రంపంతో బాగా కోసేశాను. సరేనండిని పిలిచి కూర్చోమన్నాను. కుర్చీ పడవలా ఊగింది. వాడు కింద పడకుండా గోడ పట్టుకున్నాడు. గోడ పట్టుకునే, "బ్రహ్మాండం మేస్త్రీగారూ" అన్నాడు.

"ఊగడం లేదూ?" అన్నాను.

"ఊగితేనే హాయండీ" అన్నాడు.

వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తి దించేశాను. వాణ్ణేం అంటాం? వాడికి నేను జీతం ఇస్తాను. వాడు నన్ను కాదంటే రేపు వాడి ఇంట్లో పొయ్యి వెలగదు. వాడు మెచ్చుకుంటుంటే నా గొంతే నాకు తిరిగి వినబడుతోంది, ఖాళీ డ్రమ్ములో తలపెట్టి అరిచినట్టు.

ఆ రోజు నుంచి ఒకటే పురుగు తొలుస్తోంది. నువ్వు కూడా నా దగ్గర పనివాడివే. నా ఇంట్లో తిన్నవాడివే. నువ్వు ఒక్కసారి కూడా కాదనలేదు. గంగిరెద్దులా తలూపావా? నిజంగా బాగుండే అన్నావా? అన్నేళ్లు నేను ఊరూవాడా మేస్త్రీనని చెప్పుకుని తిరిగింది నీ ఒక్క మాట పట్టుకునే. అది ఉత్తిదైతే నేనెవరిని?

తిన్నగా రాయి. పంచదార వద్దు.

బావ


మార్కెట్టు వెనక కొట్టు,
ఆగస్టు

బావగారికి,

మీ ఉత్తరం చాలా రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. తిన్నగా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. చదివాక కోపం వస్తే నా మీద చూపించండి, సరేనండి మీద కాదు.

నేను అబద్ధం చెప్పలేదు. కూర్చోవచ్చు అన్న ప్రతిసారీ నాకు నిజంగానే కూర్చోవచ్చు అనిపించింది.

మన షెడ్డులో పని వేళ ఎవరూ కూర్చోకూడదని మీ రూలు. కూర్చున్నవాడి చెయ్యి కూడా కూర్చుంటుంది అనేవారు. మీకొక్కరికే ఆ ఎత్తు పీట ఉండేది. టీ కూడా నిలబడే తాగేవాళ్లం. పొద్దున చిత్రిక పట్టడం మొదలుపెడితే సాయంత్రం దాకా నా కాళ్ల మీదే ఉండేవాణ్ణి. అప్పుడు మీరు కొత్త కుర్చీ ముందుకి తోసి, కూర్చోరా అనేవారు. రోజు మొత్తంలో నేను కూర్చునేది అప్పుడే.

రోజంతా నిలబడ్డవాడికి ఏ కుర్చీ అయినా బాగానే ఉంటుంది బావగారూ. ముళ్ల మీద కూర్చోబెట్టినా కూర్చోవచ్చు అనేవాణ్ణి. మీరు కుర్చీ ఎలా ఉందని అడిగేవారు. నా కాళ్లు జవాబు చెప్పేవి. మీ కుర్చీలు బాగుండేవో కాదో నాకు నిజంగా తెలీదు. ఏనాడూ అలిసిపోకుండా వాటిలో కూర్చోలేదు.

ఇంకొకటి కూడా రాసేస్తాను. నేనెందుకు వెళ్లిపోయానో మీరు అడగలేదు, నేను చెప్పలేదు. సొంత కొట్టు మోజు అని అందరికీ చెప్పారని విన్నాను. ఆ రోజు హోటలాయన కుర్చీలు తీసుకోవడానికి వచ్చి నిలబడి ఉన్నాడు. నేను కూర్చుని కూర్చోవచ్చు అన్నాను. అన్నాక వెంటనే లేవలేదు. మోకాళ్లు సహకరించలేదు. మీరు ఆయన ముందు, "చాల్లేరా, కుర్చీ అరిగిపోతుంది" అన్నారు. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. లేచాను. ఇంటికెళ్లి పెట్టె సర్దుకున్నాను.

ఇక్కడ నా కొట్టు తెరిచిన రోజే ఒక కుర్చీ కొనుక్కున్నాను. ప్లాస్టిక్‌ది. నీలం రంగు. ఎప్పుడు కావాలంటే అప్పుడు కూర్చుంటాను.

బామ్మర్ది


కుర్చీల షెడ్డు,
సెప్టెంబరు

ప్లాస్టిక్ కుర్చీ సాహెబుకి,

నీకు నోరుందా లేదా? కాళ్లు నొప్పులైతే బావా కాళ్లు నొప్పులు అని ఒక్కసారి అనలేకపోయావా? నేనేమైనా పులినా? నేను మా మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నప్పుడు నాకూ కూర్చోవడానికి లేదు. నేను ఏడిచానా? పెట్టె సర్దానా? పెట్టె సర్దేముందు నా మొహాన నాలుగు మాటలు అని పోవాల్సింది. మగాడివి, ఒక మాటకి ఊరొదిలి పోయావు. నీలం రంగు కూడానా!

ఉత్తరం ఇక్కడితో ఆపేసి పంపిద్దామనుకున్నాను. నిద్ర లేచాక మళ్లీ రాస్తున్నాను.

నువ్వు రాసింది ఉత్తి కూతలని తేల్చడానికి ఒక పని చేశాను. నా పీట తీసి అటక మీద పడేశాను. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నిలబడ్డాను. సరేనండి భయపడిపోయాడు, తనని పనిలోంచి తీసేస్తున్నానేమో అని. సాయంత్రం మీ అక్క కుర్చీ తెచ్చి అందులో కూర్చున్నాను. హాయిగా ఉంది. స్వర్గంలా ఉంది. ఒళ్లు మండిపోయింది. తర్వాత ఆ పొట్టి కాలు కుర్చీ లాక్కుని అందులో కూర్చున్నాను. అదీ స్వర్గంలానే ఉంది! నీ మీద పళ్లు నూరుకున్నాను.

మర్నాడు పొద్దున్నే మళ్లీ మీ అక్క కుర్చీలో కూర్చున్నాను. ఏమీ తెలియలేదు. బాగుందనీ అనిపించదు, బాగా లేదనీ అనిపించదు. కానీ కాసేపటికి నేను లేచి నిలబడి ఉన్నాను. ఎందుకు లేచానో నాకే తెలీదు. మళ్లీ కూర్చున్నాను. మళ్లీ లేచాను. నేను చేసిన కుర్చీ నాకు అర్థం కావడం లేదు. నా మొహం నేను చూసుకోలేనట్టే ఉంది ఇది కూడా. ఎవడో ఒకడు ఎదురుగా నిలబడి చెప్పాలి, వాడు నా చేతి కింద వాడు కాకూడదు.

కుర్చీని నీకు లారీలో వేసి పంపిస్తున్నాను. మీ అక్క, "కుర్చీ ఎక్కడికండీ?" అంది. రిపేరన్నాను. "మరి దుప్పట్లు ఎక్కడ పెట్టను?" అంది. అంతే అడిగింది. ఆ మొహంలో తేలిక చూసి నాకు గోడకి తల బాదుకోవాలనిపించింది.

సరిగ్గా విను. పొద్దున్నే కూర్చో. కడుపు నిండా తిని కూర్చో. బాగా నిద్రపోయిన రోజున కూర్చో. నువ్వు నా పనివాడివి కావు, నా తిండి తినడం లేదు, నీకు నాతో అక్కర లేదు. ఏమనిపిస్తే అది రాయి. బాగుందని రాస్తే నమ్మను. బాగా లేదని రాస్తే ఊరుకోను. అయినా రాయి. నర్సు మళ్లీ వచ్చే లోపు రాయి.

ఆ గారూ గీరూ తీసెయ్. చదువుతుంటే వెక్కిరించినట్టుంది.

బావ


మార్కెట్టు వెనక కొట్టు,
అక్టోబరు

బావా,

తీసెయ్యమన్నావు, తీసేశాను. నువ్వు చదువుతుంటే కనుబొమలు ఎక్కడిదాకా లేస్తాయో నాకు తెలుసు.

కుర్చీ క్షేమంగా చేరింది. ఆదివారం పొద్దున్నే, ఫలహారం చేసి, కొట్టు తలుపులు మూసి, కూర్చున్నాను. మొదట ఏడుపొచ్చింది, అది కుర్చీ తప్పు కాదు. లేచి, మొహం కడుక్కుని, మళ్లీ కూర్చున్నాను.

గట్టితనం గురించి చెప్పను. ఏనుగెక్కినా కిర్రుమనదు. ఎత్తు సరిపోయింది. నునుపు సరే. కానీ బావా, ఇందులో కూర్చోలేం. వీపు ఆనిస్తే వెనక పలక ముందుకి తోస్తుంది. తెలిసీ తెలియకుండా తోస్తుంది. లే, పనేం లేదా, అన్నట్టుంది. నువ్వు లేచి నిలబడి ఉన్నానని రాశావే, అదే. కళ్లు మూసుకుని కూర్చుంటే వెనకాల నువ్వు నిలబడి ఉన్నట్టే ఉంది.

హోటళ్లవాళ్లు ఎగబడి మన కుర్చీలే ఎందుకు కొనేవాళ్లో ఇప్పుడర్థమైంది. తిన్నవాడు చెయ్యి కడుక్కోవడానికి లేచి మళ్లీ వచ్చి కూర్చోడు.

నవ్వుతున్నాననుకుంటున్నావు కదా. ఇది విను. నా కొట్టులో మనిషి ఉన్నాడని రాశాను. నాకన్నా పెద్దవాడు. మొన్న నేనొక పీట చేసి, వాణ్ణి కూర్చోబెట్టి, "ఏమయ్యా?" అన్నాను. "మీ ఇష్టం" అన్నాడు. ఆ "ఏమయ్యా" అన్న గొంతు నాది కాదు, నీది. అప్పుడు చుట్టూ చూశాను. కొట్టులో ఉన్నది ఒకటే కుర్చీ. నీలం రంగుది. అది నాది. అన్నేళ్లు నిన్ను తిట్టుకుంటూ నేను నేర్చుకున్నది నీ పీటేనన్నమాట. సిగ్గేసి బజారుకి పోయి ఇంకోటి కొన్నాను. వాడు ఇంకా అందులో కూర్చోవడం లేదు. దానికి చొక్కా తగిలిస్తున్నాడు.

అక్క ఆ పలక మీద ఆనలేక మంచం అంచుకి పోతోంది. నీతో చెప్పదు. నీతో కాదనడం ఎలాగో తనకి ఎవరు నేర్పారు కనుక?

కుర్చీ తిరిగి పంపిస్తున్నాను. పలకని ఎంత వెనక్కి వాల్చాలో నాకు తెలీదు. నేను చేస్తే ఊగుతుంది. అది చేయగల చెయ్యి నాకు తెలిసినంతలో ఒక్కటే ఉంది. ఇది పంచదార కాదు. నీలం కుర్చీలో కూర్చుని, కాళ్లు చాపుకుని రాస్తున్నాను.

బామ్మర్ది


కుర్చీల షెడ్డు,
నవంబరు

ఒరేయ్ బామ్మర్దీ,

నీ కొట్టు నేల వంకర. ముందు అది చూసుకో. వంకర నేల మీద వేసి కూర్చుంటే ఏ కుర్చీ అయినా తోస్తుంది.

కుర్చీ రాగానే మా నేల మీద వేసి కూర్చున్నాను. మా నేల తిన్నగానే ఉంది. నీ మొహం మండా, తోసింది.

రెండ్రోజులు దాన్ని గోడ వైపు తిప్పి పెట్టాను. మూడో రోజు వెనక కాళ్లు ఊడదీసి, పలక విప్పి, కొత్త చెక్క వేసి మళ్లీ కోశాను. వాల్చాను. చాల్లేదనిపించింది. ఇంకా వాల్చాను. ఇన్నేళ్లుగా నా చెయ్యి నిటారుగానే కోస్తుంది, వాలమంటే వాలదు. నాతో నేనే దెబ్బలాడుకున్నాను. పక్కన నిలబడి సరేనండి ప్రతిదానికీ బ్రహ్మాండం అంటుంటే, "నోర్ముయ్, ఒక్కసారి బాగా లేదనవయ్యా" అని అరిచాను. "సరేనండి, బాగా లేదండి" అన్నాడు. ఏం చేయను చెప్పు ఈ మనిషితో!

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్చీ తీసుకెళ్లి మంచం పక్కన వేశాను. మంచం మీది దుప్పట్లు నేనే తీసి కిటికీలో పెట్టాను. ఎలా ఉందని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఏమీ అనకుండా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాను. మీ అక్క నా వైపు చూసింది. నేను పైకప్పు చూశాను. లేచి, కుర్చీ చేతులు పట్టుకుని, కూర్చుంది. వీపు ఆనించింది. మళ్లీ ముందుకి వస్తుందని చూస్తున్నాను. రాలేదు. తల వెనక్కి వాల్చింది. నిద్రపోయింది. నోరు తెరుచుకుని, గురక పెట్టి మరీ నిద్రపోయింది.

షెడ్డులో సరేనండి కోత మిషను ఆన్ చేశాడు. పరిగెత్తుకెళ్లి ఆపించాను. "ఏం చేయమంటారండీ?" అన్నాడు. "కూర్చో" అన్నాను. "ఎక్కడండీ?" అన్నాడు. చూస్తే, ఇన్ని కుర్చీలు చేసిన షెడ్డులో కూర్చోవడానికి ఒక్కటి లేదు, అన్నీ అమ్మకానివే. ఆ హోటలాయన కోసం చేసిన వాటిలో ఒకటి లాగి ఇచ్చాను. వాడు పేలుడు మందు మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. నేను మళ్లీ గుమ్మంలోకి పోయి నిలబడ్డాను. మోకాళ్లు లాగాయి. అయినా కదల్లేదు. కదిలితే తలుపు కిర్రుమంటుంది.

మీ అక్క లేచాక నన్ను చూసి ఉలిక్కిపడింది. తర్వాత, విను, తనంతట తనే అంది:

"ఏమండీ, వీపు బాగుంది. ఈ చేతులు మాత్రం మరీ ఎత్తుగా పెట్టారు. భుజాలు లాగేస్తున్నాయి."

పెళ్లయిన దగ్గర్నుంచి నా చేతి పనికి వంక పెట్టడం ఇదే మొదలు.

"మొదటి రోజే చెప్పొచ్చుగా!" అన్నాను.

"మీరు ఎలా ఉందని అడిగి, ఏం చెప్పాలో కూడా మొహం మీద రాసుకుని నిలబడతారు కదండీ. ఇవాళే అడగలేదు" అంది.

చేతుల ఎత్తు కొలవడానికి టేపు తీశాను.

నర్సు వచ్చి చూసి నయమేనంది. రేపు ఆ చేతులు కోసి దించుతాను. ఇంతటితో అయిపోతుందనుకున్నావా? ఇవాళ సరేనండి వచ్చి, చేతులు నలుపుకుంటూ, "మేస్త్రీగారూ, తమరు ఏమనుకోనంటే ఒక మాట, ఆ హోటలు కుర్చీ కూడా తోస్తోందండీ" అన్నాడు. ఇల్లంతా నోళ్లు లేచాయి. ఇక మీదట ఈ కొంపలో నాకు మనశ్శాంతి ఉండదు, ఇదంతా నీ వల్లే.

నీ నీలం కుర్చీ తీసి వీధిలో పారెయ్. నీకొకటి మొదలుపెట్టాను. పలక కొలతకి నీ వీపు కావాలి, ఒకసారి రా. సాయంత్రం బండికి రాకు, కాళ్లు పీకుతుంటాయి. ముందు రోజే వచ్చి, పడుకుని, పొద్దున లేచి కూర్చో. ఏరా అని అడగను. గుమ్మంలో నిలబడతాను, నిన్ను లెమ్మనను. కూర్చున్నంతసేపు కూర్చో. అరిగిపోతే ఇంకోటి చేస్తాను.

బావ